ఎర్నాన్ పెద్దనాన్న పస్తు

డ్రమ్‌కోల్ మఠం,
బ్రిగిడ్ పండుగ మర్నాడు

లస్సర్ అక్కకి తమ్ముడు ఐలిల్ మొక్కి రాసేది. నీ మఠంలో కన్యలూ గొర్రెలూ అందరూ క్షేమమని తలుస్తాను.

నిన్న పొద్దువాలేసరికి పెద్దనాన్న వచ్చేస్తాడని రేవులో మనిషిని నిలబెట్టాను. పడవొచ్చింది గానీ ఆయన రాలేదు. జ్వరమనీ దగ్గనీ నీ అతిథిశాలలో మంచమెక్కాడనీ పడవవాడు చెప్పాడు. నీ గొర్రెపిల్లల్ని దీవించి వస్తానని బయల్దేరిన మనిషి. ఈ వయసులో సరస్సు దాటి వెళ్ళి దీవించకపోతే గొర్రెలు ఈనవా అని అడిగాను కూడా. నీ బార్లీ కల్లు కోసం వెళుతున్నాడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

సూటిగా చెబుతాను అక్కా. ఊపిరి ఉండగానే పంపించెయ్యి. ఆయన అక్కడ కన్ను మూస్తే నీవాళ్ళు ఒంటిని వదలరు. తప్పు పట్టడం లేదు, నీ చోట నేనున్నా వదలను.

మన సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మఠం కట్టిన ముత్తాత సరస్సులో మునిగి చేపలపాలయ్యాడు. ఆయనదని వెండి పెట్టెలో పెట్టి ఇన్నేళ్ళూ ముద్దులు పెట్టిన పన్ను పందిదని పోయిన కోతలప్పుడు అర్డ్‌కేన్ మఠం నుంచి వచ్చిన సెగీన్ తేల్చేశాడు. అంతమంది ముందు దాన్ని గోటితో గీకి, వాసన చూసి, ఏ పందిదో కూడా చెప్పేలా ఉన్నాడు. మళ్ళీ ఈ కోతలప్పుడు జరిగే లూనసా సంతకి వస్తాడట. అప్పటికి పుణ్యాత్ముడి ఎముకలు చూపించలేకపోతే మనల్ని అర్డ్‌కేన్ కలిపేసుకుంటుంది. నేను వాళ్ళకి తలుపులు తీసేవాణ్ణవుతాను, సరే. మన భూముల మీద బతికే కుటుంబాలని తరిమేస్తారు, కుష్ఠువాళ్ళ ఇల్లు మూసేస్తారు. పోయినేడు కలుపుకున్న మఠంలో అదే చేశారు.

మనకి మిగిలింది పెద్దనాన్న ఒక్కడే. ఆయన తిట్టిన రోజే రాజు గుర్రం మీంచి పడ్డాడని దేశమంతా చెప్పుకుంటారు. తాగి ఎక్కితే ఆ గుర్రం రాజుని రోజూ పడేస్తుందని మనింట్లోవాళ్ళకి తెలుసు, జనానికెందుకు. ఆయన్ని పెట్టడానికి రాతి తొట్టె చెక్కించడం కూడా అయిపోయింది. ఆయన నిద్రపోతుంటే తాడు పెట్టి కొలిపించాను. నవ్వకు.

కంబళి కప్పి జాగ్రత్తగా పంపు. పలక కూడా తిరిగి పంపు, దీని మీద రాసే మైనం మొన్ననే పోయించాను.

ఎదురుచూసే
ఐలిల్


కిల్‌నేవ్ కన్యల మఠం,
మంచు కురిసిన బుధవారం

ఒరేయ్ ఐలిల్,

నీ పలక ఆయనకే చదివి వినిపించాను. కోప్పడతాడనుకుంటే దగ్గొచ్చేదాకా నవ్వాడు. తొట్టె పొట్టిదవుతుందన్నాడు. ఆయన మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటాడట, నువ్వు కొలిచింది ఆ పొడుగట.

మనిషి బాగానే ఉన్నాడు. జ్వరం దిగింది. తిండి చూస్తే నాకే దిగులుగా ఉంది, ఉపవాస దినాలకని దాచిన ఎండుచేపలు అప్పుడే సగమయ్యాయి. నువ్వు మాత్రం చచ్చినవాడి కళ్ళు చారెడని చెప్పుకోడానికి తొందరపడుతున్నావు. ముందు చావనివ్వరా.

నా కన్యల సంగతి నువ్వనుకున్నంత దారుణంగా ఏం లేదు. ఆయన దుప్పటి అంచు దారాలు ఎవరో పీక్కుపోతున్నారు, అంతే. వంటావిడ దమ్నత్ ఆయన కాళ్ళు కడిగిన నీళ్ళు కుండలో పోసి దాచింది. చూసి పారబోయించాను. ఆ కాళ్ళ వాసన తెలిసినవాళ్ళు ఎవరూ వాటిని దాచుకోరు.

పొద్దస్తమానం కిటికీ తీయించుకుని బురదనేలల వైపు చూస్తూ కూర్చుంటున్నాడు. చలి లోపలికి కొడుతోంది మూయనా అంటే వద్దంటాడు. బాతుల్ని చూస్తున్నాడనుకుంటా, ఈసారి గుంపులు గుంపులుగా దిగాయి.

ఇక్కడ నాకు ఊపిరాడడం లేదు. వడ్రంగి దిగాడు, కొలతలనీ పలకలనీ నా ప్రాణం తీస్తున్నాడు, అది అయ్యేదాకా నాకు స్థిమితం లేదు. పెద్దనాన్న తనంతట తాను వస్తానన్నప్పుడు పంపిస్తాను. ఆయనేమీ ఉప్పు పట్టించిన పంది తొడ కాదు, పడవలో వేసి పంపడానికి.

గొంతు చుట్టూ గుడ్డ కట్టుకో, నీకు గాలి పడదు.

మీ అక్క
లస్సర్


డ్రమ్‌కోల్,
ఉపవాస దినాలకి ముందు ఆదివారం

కిల్‌నేవ్ మఠాధికారిణి లస్సర్ గారి సముఖానికి,

గారు అన్నది కావాలనే అన్నాను. వడ్రంగి దేనికమ్మా? పడవవాడిని నిలదీస్తే చెప్పాడు. యూ చెట్టు పలకలట, మనిషి పొడుగు ఉన్నాయట, నీ చర్చి పక్కనే చిత్రిక పడుతున్నాడట. యూ కర్రతో ఎవరైనా ఏం చేస్తారు? ఎముకల పెట్టె చేస్తారు. నాకు బాతుల కబుర్లు రాసి, అక్కడ పెద్దనాన్నకి పెట్టె చేయిస్తున్నావన్నమాట.

సొంత అక్కవి. చిన్నప్పుడు నా వాటా మీగడ కూడా ఇలాగే తినేదానివి, పిల్లి తిందని చెప్పేదానివి.

నీకేం తక్కువ? మీ మఠం కట్టిన తల్లి ఎముకలు మొత్తం ఉన్నాయి, వేళ్ళతో సహా. నేను పంది పన్ను పెట్టుకుని కూర్చున్నాను. ఇంక మాటలెందుకు, నలుగురు మనుషుల్నీ, పడవనీ, మెత్తటి పరుపు వేసిన మంచాన్నీ పంపుతున్నాను. వాళ్ళకి పెద్దగా బ్రక్కన్ వస్తున్నాడు. ఆయన ఒప్పుకుంటే నడిపించి, ఒప్పుకోకపోతే ఎత్తుకుని తెమ్మని చెప్పాను.

ఐలిల్,
డ్రమ్‌కోల్ మఠాధిపతి, ప్రస్తుతానికి


కిల్‌నేవ్,
ఉపవాస దినాల మొదటి శుక్రవారం

తమ్ముడూ,

ముందు వడ్రంగి సంగతి. దూడలపాక కూలిపోయిందిరా. దూడలపాక. పాత గేటు విప్పితే వచ్చిన యూ పలకలు ఉంటే వాటితో తొట్లు చేయిస్తున్నాను. కావాలంటే వచ్చి మేత తిను.

నీ నలుగురూ వచ్చారు. పెద్దనాన్న వాళ్ళని దీవించి, తిండి పెట్టించి, బల్ల మీద పావులాటకి కూర్చోబెట్టి నలుగుర్నీ ఓడించాడు. ఆయన్ని ఎత్తుకుపోతామనే మాట ఎవరి నోటా రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. జాగ్రత్తగా చదువు, ఇది ఆయన నాతో రాయిస్తున్నది. పోయాక తనని మురెన్ పెద్దమ్మ పక్కన పెట్టాలట. బురదనేలల అవతల, వాళ్ళవాళ్ళ పాత సమాధుల దిబ్బలో. నేను బాతులనుకున్నది ఆ దిబ్బ. కిటికీలోంచి కనిపిస్తుంది.

నేనూ ఊరుకోలేదు. అక్కడ సగంమందికి బాప్తిస్మం లేదన్నాను, పూజారి కాలు పెట్టని చోటన్నాను. మురెన్ కూడా చర్చిలో కాలు పెట్టలేదు, ఇద్దరికీ సరిపోతుందన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆయన ఇక్కడే పోతే బాగుండునని నాకూ ఓ మూల ఉండేది. ఉన్నది కాస్తా ఆయన మొహం చూశాక పోయింది. నవ్వుతూ అడగలేదురా ఆ మాట.

నువ్వు మాటిచ్చేదాకా నీ గుమ్మం ముందు పస్తు కూర్చుంటాడు. అన్నీ ధర్మప్రకారమే చేస్తున్నాడు. ముందుగా ఇంకొకరి చేత కబురు చెప్పించాలి, అది ఈ పలక. కబురు చెప్పాక కూర్చున్నవాడు మళ్ళీ అడగకూడదు, అడిగితే ముష్టెత్తినట్టు. గుమ్మంలో ఒకడు పస్తుంటే జవాబివ్వకుండా ముద్ద తిన్నవాడికి దేవుడి దగ్గరా మనుషుల దగ్గరా విలువ ఉండదని నీకు నేను చెప్పక్కర్లేదు.

నీ పడవలోనే ఎక్కుతున్నాడు. పలక బ్రక్కన్ చేతిలో పెట్టాను. ఆయన దిగేలోపు చదువు, దిగగానే మాటిచ్చెయ్యి.

లస్సర్


డ్రమ్‌కోల్,
ఉపవాస దినాల రెండో గురువారం

అక్కా,

నీ ఖాళీ పలక అందింది. బాగుంది. ఒక్క గీత కూడా లేకుండా నున్నగా పంపావు. నాతో మాట్లాడేది లేదని ఇంత శ్రమపడి చెప్పాలా? పడవ రేవులో రాయికి కొట్టుకుని బ్రక్కన్ నీళ్ళలో పడ్డాడు. పలకని సంచితో సహా గుండెలకి హత్తుకుని, పొద్దంతా గింజలు ఎండబెట్టే బట్టీ పక్కనే పడుకుని ఆరబెట్టుకుని, భద్రంగా తెచ్చిచ్చాడు పాపం. విప్పి చూస్తే ఏముంది, నీ అలక.

అయినా నేను కోపంగా లేను. ఎందుకంటే పెద్దనాన్న వచ్చేశాడు. ఎవరూ ఎత్తుకురాలేదు, తన కాళ్ళ మీద నడిచొచ్చి నా గుమ్మం ముందు రాతి మీద కూర్చున్నాడు. అప్పటినుంచి లేవలేదు. అక్కా, నువ్వు చూసి ఉండాల్సింది. మనమంతా ఉపవాస దినాల్లో పొద్దువాలాక రొట్టె తింటాం కదా, ఆయన అదీ ముట్టడం లేదు. నీళ్ళు మాత్రమే. కల్లు కోసం సరస్సు దాటిన మనిషేనా అనిపిస్తుంది.

ఎందుకింత కఠినమైన ఉపవాసం అని అడిగాను. నీ మనసు మారేదాకా ముద్ద ముట్టను అన్నాడు. నా పాపాలకి ఆయన పస్తుంటున్నాడు అక్కా. నాకు కన్నీళ్ళాగలేదు. అక్కడే మోకరించి ఆయన చేతులు ముద్దు పెట్టుకున్నాను. చేతులు లాక్కున్నాడు. ఎంత వినయం.

ఆ మాట ఊళ్ళన్నీ పాకింది. జనం తిరనాళ్ళలా వస్తున్నారు. ఆయన మీద కాస్త నీడ పడేలా పందిరి వేయించాను. రోజూ పొద్దువాలాక నా రొట్టే లీకు ఉల్లికాడల పులుసూ బయటికి తెప్పించుకుని ఆయన ఎదురుగానే కూర్చుని తింటున్నాను, ఒంటరిగా ఉన్నట్టు అనిపించకూడదని. నన్ను అదోలా చూస్తాడు. అది కరుణ అంటున్నారు మన చదువరులు.

రాజు కూడా ఈస్టర్‌కి వస్తానని కబురంపాడు. మనిషి రోజురోజుకీ సన్నబడుతున్నాడు, తొట్టె పొడుగు సరిపోకపోయినా వెడల్పు సరిపోతుంది.

అలక తీరితే రాయి.

గెలిచినా గర్వం లేని
ఐలిల్


కిల్‌నేవ్,
నీ పలక చదివిన గంటకి

మూర్ఖుడా,

నేను ఖాళీ పలక పంపలేదు. రెండు వైపులా రాసి పంపాను. నీ బ్రక్కన్ దాన్ని బట్టీ పక్కన పడుకోబెట్టి మైనం కరిగించాడు.

పెద్దనాన్న ఉపవాసం చెయ్యడం లేదురా. నీ మీద పస్తు కూర్చున్నాడు. తనని మురెన్ పెద్దమ్మ పక్కన, ఆ దిబ్బలోనే పెడతానని నువ్వు మాటివ్వాలి. నీకంతా తెలుసనుకుంటున్నాడు. తెలిసి కూడా చేతులు ముద్దు పెట్టుకున్నావనీ, తెలిసి కూడా ఎదురుగా పులుసు జుర్రుకున్నావనీ అనుకుంటున్నాడు. ఆ చూపు కరుణ కాదు.

ఆయన అక్కడే పోతే ఆ ఎముకలు నీకెందుకూ పనికిరావు. నీ మీద పస్తుండి పోయినవాడి ఎముకలు నీకు దీవెన ఎలా అవుతాయి? ఏ జడ్జినైనా అడుగు. అయినా ఎముకల మాట నాకు వద్దు. ఆయన మనల్నిద్దర్నీ భుజాల మీద మోసి పెంచిన మనిషి. అక్కడ ఆకలితో కూర్చున్నాడు. లే, వెళ్ళి మాటివ్వు.

ఈ పలక పడవవాడి చేత పంపుతున్నాను. నిప్పు దగ్గరికి వెళితే కాళ్ళు విరగ్గొడతానని చెప్పాను.

లస్సర్


డ్రమ్‌కోల్,
ఉపవాస దినాల మూడో మంగళవారం

అక్కా,

చదివాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, నేను నడుందాకా దిగాను.

ముందు నేను చేసిన వెధవ పని చెబుతాను, ఎలాగూ బ్రక్కన్ చెబుతాడు. జడ్జిని పిలిపించి అడిగితే, పస్తుకి పస్తు బదులు పెట్టొచ్చు, నువ్వు కూడా ఆయన మీద పస్తుంటే ఎవరు ముందు తింటే వాళ్ళు ఓడినట్టు అన్నాడు. నాకది సబబుగా తోచింది. ఒక పక్క దిబ్బ, ఒక పక్క అర్డ్‌కేన్. ముందు నుయ్యి వెనక గొయ్యి. వెళ్ళి ఆయన ఎదురుగా నేల మీద చతికిలబడ్డాను.

నువ్వెందుకు కూర్చున్నావని అడిగాడు. నీ మీద పస్తని చెప్పాను. వచ్చిన దగ్గర్నుంచి నవ్వని మనిషి అప్పుడు నవ్వాడు. ఒరేయ్, మీ అమ్మ నిన్ను కన్న రోజున నువ్వు ఏడ్చింది కూడా ఆకలికే అన్నాడు. జనమంతా విన్నారు.

పొద్దువాలాక లోపల లీకులు ఉడుకుతున్న వాసన వచ్చింది. నా కడుపులోంచి వచ్చిన చప్పుడికి పక్కనున్న కుక్క లేచి వెళ్ళిపోయింది. దానికి నేనే సిగ్గుపడి, పలక కరిగిన సంగతి అప్పుడు చెప్పాను. నాకు తెలియదు పెద్దనాన్నా, నిజంగా నువ్వు నా పాపాల కోసం పస్తున్నావనుకున్నాను అన్నాను. తెలిసే నా ముందు తింటున్నావనుకున్నానురా, అది ఆకలికంటే ఎక్కువ బాధించింది అన్నాడు. నాకింక మొహం దాచుకోడానికి చోటు లేకపోయింది.

అప్పుడు పెద్దమ్మ గురించి అడిగాను. మనకి తెలిసింది తక్కువే అక్కా. మఠాధిపత్యం మన వంశంలోనే నిలవాలని తాతయ్య పట్టుబట్టేసరికి ఆయన గుండు గీయించుకున్నాడనీ, ఆవిడ బురదనేలల అవతల ఆవులతో ఉండిపోయిందనీ, అంతే కదా. ఆయన చెప్పిన మాటలు అలాగే రాస్తున్నాను.

"ఈస్టర్ ఏ ఆదివారం చెయ్యాలో తేల్చాలని బిషప్పులు సభ పెట్టారు. మురెన్‌కి జ్వరమని కబురొచ్చింది. ఈ ఒక్క తగువు తీర్చి వస్తానన్నాను. చంద్రుణ్ణి లెక్కపెట్టడమెలాగో మూడు వారాలు అరుచుకున్నాం. నేను వచ్చేసరికి ఆవిణ్ణి మట్టిలో పెట్టేశారు. తలుపు తీసి ఉంచమని చెబుతూ పోయిందట. ఆ ఈస్టర్ తగువు ఇప్పటికీ తేలలేదురా."

తర్వాత ఇంకో మాట అన్నాడు. "మీరంతా నన్ను పుణ్యాత్ముడంటారు. నేను ఇంటికి ఆలస్యమైన మొగుణ్ణి. నన్ను పోనివ్వు."

నేను మఠం సంగతి చెప్పాను. కుష్ఠువాళ్ళ ఇంటి సంగతి చెప్పాను, సెగీన్ సంగతి చెప్పాను. అవన్నీ నాకు తెలియవా అన్నాడు. తెలిసే అడుగుతున్నాడట. నా బొమికలు లేకపోతే నిలబడలేని మఠాన్ని నిలబెట్టడం నీ పని, నా బొమికల పని కాదు అన్నాడు. కోపమొచ్చింది అక్కా, అబద్ధం చెప్పను. ఆయన ఒళ్ళు ఆయనదే అన్న మాట ఇన్నాళ్ళూ నాకెందుకు తోచలేదో కూడా అప్పుడే తోచింది.

అందరి ముందూ మాటిచ్చాను. జడ్జి పూచీ అడిగితే నా మఠాధిపతి కర్ర ఇచ్చాను. జనం గొణుక్కున్నారు. పందిరి కింద కొవ్వొత్తులు అమ్ముకునేవాళ్ళు పైకే తిట్టారు. రాజుకి రావద్దని కబురు పంపాను, ఆయనా తిట్టే ఉంటాడు.

పెద్దనాన్న లేచి వెన్న అడిగాడు. ఉపవాస దినాల్లో వెన్నేమిటని బ్రక్కన్ అన్నాడు. తిననివ్వమన్నాను. రొట్టె మీద వేలి మందాన రాసుకుని తిన్నాడు. నేనూ తిన్నాను. ఆయన వెన్న రాసుకునేలోపే నేను ముద్ద మింగానని, ముందు తిన్నది నేనేనని జడ్జి అంటున్నాడు.

రేపు ఎడ్లబండి కట్టి ఆయన్ని పెద్దమ్మ గుడిసెకి పంపుతున్నాను. అక్కడే ఉంటాడట, పిలుపొచ్చేదాకా. నువ్వు వెళ్ళి చూసుకో. లూనసాకి ఏమవుతుందో నాకు తెలియదు.

నీ తమ్ముడు
ఐలిల్


మురెన్ పెద్దమ్మ గుడిసె,
వేసవి మొదలుకి బెల్తానే మంటలు వేసిన మర్నాడు

ఐలిల్,

పెద్దనాన్న పోయాడు. ఇవాళ పొద్దున, ఆవుల్ని మేతకి విడిచే వేళకి. నేను పక్కనే ఉన్నాను. బాధపడలేదు.

ఈ నెలరోజులూ బాగున్నాడురా. పొద్దున లేచి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చునేవాడు. ఏం మాట్లాడతావని అడిగితే, ఆవిడ వాటా పోట్లాట ఇంకా మిగిలుంది, వింటున్నానన్నాడు. పెద్దమ్మ వాళ్ళవాళ్ళు పాలూ కల్లూ తెచ్చిచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకడికీ ప్రార్థన ఒక్కటి రాదు, ఆయన నేర్పనూ లేదు. పావులాట మాత్రం నేర్పాడు.

నిన్న నీకొక మాట చెప్పమన్నాడు. నా పళ్ళు ఎవర్నీ పీకనివ్వద్దని చెప్పు, మిగిలినవే మూడు అన్నాడు. నవ్వొచ్చింది. ఇప్పుడు రాస్తుంటే ఏడుపొస్తోంది.

నేనే కడిగాను. దమ్నత్ గోళ్ళు కత్తిరించి కొంగున కట్టుకుంది, విప్పించి ఆయనతోనే పెట్టించాను. సాయంత్రంలోపు రా. రాతి తొట్టె తేకు, మాటిచ్చావు. ఇక్కడివాళ్ళ పద్ధతిలోనే పెడదాం, మట్టిలో, పైన రాళ్ళు. చలిగాలిగా ఉంది, గుడ్డ కట్టుకుని రా.

అక్క


దిబ్బ మీద నుంచి,
లూనసా సంత అయిన మర్నాడు

అక్కా,

నువ్వు ఏ పండగకీ ఇటు రావని, మొక్కుకోడానికి వచ్చిన మీ దమ్నత్ అంటోంది, దూడలట. సరే, జరిగింది అంతా రాస్తాను.

పెద్దనాన్నని పెట్టిన వారానికే జనం మొదలయ్యారని నీకు తెలుసు. డ్రమ్‌కోల్‌లో గుమ్మం ముందు రాయి ఖాళీ. జనమంతా బురదలో మోకాళ్ళ దాకా దిగి ఇక్కడికి వస్తున్నారు. పాడు దిబ్బకి వెళ్ళొద్దని మొదట్లో గేటు దగ్గర నిలబడి అరిచాను. అరిచి అరిచి గొంతు పోయాక ఆలోచించాను. మనది చెక్క చర్చే కదా, విప్పితే పన్నెండు బళ్ళు. పెద్దమ్మ వాళ్ళవాళ్ళని అడిగితే ఒప్పుకున్నారు. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే, తెల్లవారుజామున గంట మెల్లగా కొట్టాలి. చర్చిని తెచ్చాను, బట్టీని తెచ్చాను, కుష్ఠువాళ్ళ ఇల్లు ముందు కట్టించాను. ఈ చోటు దేవదూత కలలో చూపించిందని మన చదువరి చరిత్రలో రాసేసుకున్నాడు. ఒక ముసలాయన మొండితనం చూపించిందని రాస్తే ఎవరు నమ్ముతారని అడిగాడు. అలాగే ఉండనిమ్మన్నాను.

నిన్న సెగీన్ వచ్చాడు. బురద కొట్టుకుపోయిన అంగీతో, చిరాగ్గా, వెనక అర్డ్‌కేన్ రాయసగాళ్ళతో. మఠాన్ని దిబ్బ మీదికి ఎందుకు మార్చావని గద్దించాడు. పుణ్యాత్ములు ఇక్కడ ఉన్నారు కాబట్టి అన్నాను. అయితే చూపించమన్నాడు.

వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. నీకు తెలుసుగా, రెండు రాళ్ళ కుప్పలు పక్కపక్కనే, ఎవరిది ఏదో రాయించలేదు. ఆయన కుప్ప వద్దు, ఈవిడ కుప్ప వద్దు, ఇద్దరిదీ అనుకోండని పెద్దమ్మ వాళ్ళ మనిషి అన్నాడు, అలాగే వదిలేశాను. సెగీన్ రెండింటినీ మార్చి మార్చి చూశాడు. ఏది తవ్వించాలా అని చూస్తున్నాడనుకున్నాను. మూడు పళ్ళు గుర్తొచ్చాయి.

అంతలో బాట మీద ఒకావిడ వచ్చింది. చంకలో జ్వరం పిల్ల. ఎవర్నీ ఏమీ అడగలేదు, తిన్నగా వెళ్ళి మొదటి కుప్ప దగ్గర మోకరించి మట్టి తీసి పిల్ల నుదుటికి రాసింది. వెనకాల ఇంకో ఇద్దరు. సెగీన్ మొహం మారింది అక్కా. ఆయనా మనిషేగా, పైగా మోకాళ్ళ నొప్పులట. గొంతు తగ్గించి నన్ను పక్కకి పిలిచి అడిగాడు.

"తవ్వించనులే. ఈ రెండింట్లో పుణ్యాత్ముల సమాధి ఏదో చెప్పు, మొక్కుకుని పోతాను."

ఆ మొదటి కుప్ప ఎవరిదో నీకు తెలుసు. ఇరవయ్యేళ్ళు బురదనేల అవతల ఆవులతో ఒంటరిగా ఉండి, మొగుణ్ణి ఒక్కసారి కూడా దెప్పకుండా, తలుపు తీసి ఉంచమని చెప్పి పోయిన మనిషి. మన వంశానికి మఠం కావాలని మనం ఆవిడ ఇల్లు తీసుకున్నాం. ఆ మాట మనింట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు.

అర్డ్‌కేన్ సెగీన్, పంది పన్ను పట్టుకున్నవాడు, బురదలో మోకాళ్ళ మీద కూలబడి మురెన్ పెద్దమ్మ రాళ్ళని ముద్దు పెట్టుకున్నాడు. చిటికెడు మట్టి గుడ్డలో కట్టుకున్నాడు. మఠం జోలికి అర్డ్‌కేన్ రాదని రాయసగాళ్ళ చేత రాయించి వెళ్ళాడు.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. అబద్ధం మాత్రం చెప్పలేదు అక్కా. పుణ్యాత్ముల సమాధి ఏదని అడిగాడు, చూపించాను.

ఐలిల్